బ్లీచింగ్ చల్లితే సరిపోదు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మురుగునీటిలోని రోగక్రిముల గురించి మాట్లాడమని మన కార్యదర్శిగారు అన్నప్పుడు, "భోజనాలకి ముందు ఇదేం సబ్జెక్టండీ?" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. వాసన రాకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

యూనిట్లో వాటర్ డ్యూటీ చేసినవాళ్ళు హారాక్స్ బాక్సుని మర్చిపోరు. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నల్ల కప్పులో బ్లీచింగ్ ద్రావణం చేసి, తెల్ల కప్పుల నీళ్ళలో వరసగా ఒక చుక్క, రెండు చుక్కలు, అలా వేసుకుపోయి అరగంట ఆగుతాం. తర్వాత ఇండికేటరు వేస్తే ముందుగా ఏ కప్పులో నీలం రంగు తేలిందో చూస్తాం. మూడో కప్పయితే 455 లీటర్ల నీటికి మూడు చెంచాలు, అంటే 6 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. ఎన్నో ఏళ్ళు ఈ పని చేసి, క్లోరిన్ గురించి నాకు తెలియంది లేదనుకున్నాను.

2006 ఆగస్టులో సూరత్‌లో ఆ గర్వం దిగిపోయింది. ఉకాయ్ డ్యాం నుంచి 9 లక్షల క్యూసెక్కులదాకా వదలడంతో తాపి నది ఊళ్ళోకొచ్చింది. సహాయ పనులమీద వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. సూరత్ మరమగ్గాల మీద మన తెలంగాణ పద్మశాలీలు వేలమంది బతుకుతున్నారని మీకు తెలుసు. లింబాయత్ వైపు వెళితే దుకాణం బోర్డులు కూడా తెలుగులో కనిపిస్తాయి. మా బావమరిదీ అక్కడే మగ్గం నడిపేవాడు. నీళ్ళు తీశాక వాళ్ళ సందులో మ్యాన్‌హోల్ పొంగి మురుగు మోకాలిలోతు నిలిచింది. పిల్లలు అందులోనే తిరుగుతున్నారు. "బావా, నువ్వు మిలిటరీవాడివి, ఏదైనా చెయ్యి" అన్నాడు.

రెండు బస్తాల బ్లీచింగ్ తెప్పించి గుమ్మరించాను. కంపు తగ్గింది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. సాయంత్రం మా మేజర్ డాక్టరుగారు, ఆయనా తెలుగాయనే, వచ్చి చూసి, "సాబ్, క్లోరిన్ ఎంత మిగిలిందో చూశారా?" అన్నారు. గాజు గొట్టంలో ఆ నీళ్ళు పట్టి ఆర్థోటాలిడిన్ వేశారు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. రాలేదు. రెండు బస్తాలూ ఎటుపోయాయి?

మురుగు తినేసింది. క్లోరిన్‌కి క్రిమి అనీ బురద అనీ భేదం లేదు, ఎదురైన సేంద్రియ పదార్థంతో కలిసిపోతుంది. అమోనియాతో కలిస్తే క్లోరమైన్లు అవుతుంది, వాటి బలం తక్కువ. ముద్దల లోపల దాక్కున్న క్రిమిదాకా మందు చేరనే చేరదు. ఏలికపాము గుడ్లయితే మామూలు మోతాదు క్లోరిన్‌కి లొంగవు. పైగా వరదనీటిలో ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ సూరత్ జిల్లాకి పాత శత్రువు, కాలిమీద చిన్న గాయం చాలు దానికి. మేజరుగారు ముందు పిల్లల్ని బయటికి తీయించి, మురుగుని పంపుతో తోడించారు. ఆ తర్వాతే బ్లీచింగ్. నా వరస తలకిందులని అప్పుడు తెలిసింది.

శుద్ధి ప్లాంటులోనూ అదే వరస. ముందు చెత్త, ఇసుక తీస్తారు. తర్వాత గాలి ఊది మేలుచేసే బ్యాక్టీరియా చేత మలినాన్ని తినిపిస్తారు, మడ్డి దించుతారు. చివర్లో క్లోరిన్ కలిపి, అడ్డుగోడలతో మెలికలు తిరిగే తొట్టిలో సుమారు అరగంట నడిపిస్తారు. మన హారాక్స్ అరగంటే! ముడి మురుగులో 100 మిల్లీలీటర్లకి కోలిఫారంలు లక్షల్లో, కోట్లలో ఉంటాయి. కేంద్రం 2017 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మలసంబంధ కోలిఫారం వెయ్యిలోపు ఉండాలి. కోటి ఉన్నచోట 99 శాతం చంపినా ఇంకా లక్ష మిగులుతాయి, చూడండి! క్లోరిన్ వద్దనుకుంటే అతినీలలోహిత దీపాలున్నాయి. కానీ నీళ్ళు మసగ్గా ఉంటే ఆ వెలుగూ లోపలికి పోదు.

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో జనం రైళ్ళెక్కి పారిపోయిన ఊరది. ప్లేగు మురుగునీటితో రాదు, ఎలుకల ఒంటిమీది ఫ్లీ పురుగుల వల్లా దగ్గు వల్లా వస్తుంది. అయినా ఊరి మురికి అందరికీ అప్పుడే కనబడింది. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు ఊడ్పించడం మొదలుపెట్టారు. 2014లో బమ్రోలీలో శుద్ధి అయిన మురుగునే ఇసుక ఫిల్టరు, అల్ట్రాఫిల్ట్రేషన్, ఆర్.ఓ.లగుండా పంపి రోజుకి 4 కోట్ల లీటర్లు పాండేసరా అద్దకం మిల్లులకి ఇచ్చే ప్లాంటు వచ్చింది. అల్ట్రాఫిల్ట్రేషన్ పొర రంధ్రాలు బ్యాక్టీరియాకంటే చిన్నవి, అది దూరలేదు. తాపిలో మంచినీళ్ళు ఆ మేరకి మిగిలాయి.

కాలనీలో ప్లాంటున్నవాళ్ళు ఆపరేటర్ని మందు ఎంత వేశావని అడగకండి. అరగంట తర్వాత ఎంత మిగిలిందని అడగండి. హారాక్స్ బాక్సు ఒకటి తెచ్చాను, కప్పులు కొంచెం పెచ్చులూడాయిగానీ పనిచేస్తాయి. టీ తర్వాత ఆ మూల బల్లమీద పెడతాను, పిల్లల్ని తీసుకురండి.