మందు తోడు, మనిషి తోడు



ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టభూములలో వాన తప్పుట, బోరు ఎండుట, అప్పు పెరుగుట మనమెరిగినవే. ఈ కష్టములు కొందరికి మనసు క్రుంగు జబ్బును దెచ్చును. దానికి మందులు కలవు. మందులు వాడినచో ఆత్మహత్యలు తగ్గునా?

స్వీడన్ దేశమున గాట్లాండ్ అను దీవి కలదు. అచట 1983-84లో సాధారణ వైద్యులకు ఈ జబ్బును గుర్తించుటలో శిక్షణ నిచ్చిరి. మందుల వాడకము పెరిగెను, ఆత్మహత్యలు తగ్గెను. దీవి చిన్నది గనుక ఆ ఒక్క ఉదాహరణతో తీర్పు చెప్పరాదు. పైగా తగ్గుదల ముఖ్యముగా స్త్రీలలోనే కనబడెను. క్రుంగిన పురుషులలో అనేకులు వైద్యుని కడకే రాలేదు. శిక్షణ ముగిసిన కొన్ని యేండ్లకు ఆ ఫలితమును తరిగిపోయెను.

మన రైతన్నయు అంతే. నిద్ర లేదనును, ఒళ్ళు నొప్పులనును. దిగులని మాత్రము చెప్పడు. కావున ఇంటివారే ఆయనను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొని పోవలెను. మందు గుణమిచ్చుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. వైద్యుని అడుగక నడుమ మానరాదు. తొలి దినములలో రోగిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందులకు తాళము వేయుడు. 14416 నంబరునకు రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు.

మందు అప్పు తీర్చదు, నిజమే. కాని అప్పు తీర్చు దారి వెదకుటకు ముందు మనిషి నిలువవలెను గదా!