ఆడపిల్లకీ ఆ పరీక్ష చేయించండి



ఇవాళ చెప్పబోయే విషయం పేరు ముందే చెబితే, ఇదేదో కాలేజీ పాఠంలా ఉందని మీరు పేజీ తిప్పేస్తారు. అందుకని పేరు తర్వాత చెబుతాను. ముందు మా చుట్టాలింట్లో జరిగిన సంగతి చెప్పనివ్వండి.

కోనసీమలో మా మేనత్తకి ఇద్దరు పిల్లలు, కొడుకూ కూతురూ. కొడుక్కి పాకే వయసు నుంచీ మోకాళ్లు కమిలిపోయి వాచేవి. పాలపన్ను ఊడితే రెండు రోజులు నెత్తురు కారేది. పట్నంలో చూపిస్తే హీమోఫిలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు అని తేలింది. అప్పటినుంచీ ఇంటిల్లిపాదీ వాడి చుట్టూనే. "మరి ఆడపిల్ల సంగతేమిటండీ?" అని మా మేనత్త అడిగితే, "ఆడవాళ్లకి ఈ జబ్బు రాదమ్మా, వాళ్లు మోసేవాళ్లు మాత్రమే" అన్నారట డాక్టరుగారు. ఆ మాట మావాళ్లు కొంగున ముడేసుకున్నారు.

ఆ పిల్ల పెద్దమనిషి అయింది. నెలనెలా తొమ్మిది రోజులకి గాని ఆగేది కాదు. వేడి చేసిందన్నారు, మజ్జిగ తాగమన్నారు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. మనిషి పాలిపోయి ఉంటే "సన్నగా, తెల్లగా ఉంది" అని మెచ్చుకుని మరీ చేసుకున్నారు పెళ్లివారు! పురుడు పుట్టింట్లోనే పోసుకుంది. కాన్పు సుఖంగానే అయింది. బారసాలకి పిలుపులు కూడా వెళ్లాయి. పదో రోజు రాత్రి మొదలైంది రక్తస్రావం. పరుపు తడిసి నేల మీదికి వచ్చింది. కారు మాట్లాడుకుని ఆస్పత్రికి చేర్చేసరికి పిల్లకి మాట పడిపోయింది. నాలుగు సీసాల రక్తం ఎక్కించాక కళ్లు తెరిచింది. అన్నగారి జబ్బు సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మావాళ్లూ చెప్పలేదు. దాచాలని కాదు. ఆడవాళ్లకి రాదు కదా, ఇంక చెప్పటమెందుకు అనుకున్నారు.

ఆ "రాదు" అన్న మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

మన శరీరంలో కణకణానా ఇరవైమూడు జతల క్రోమోజోములుంటాయి. వాటిలో ఒక జత మగవాడికి ఎక్స్, వై. మనకి రెండూ ఎక్సులే, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫాక్టరు, తొమ్మిదో ఫాక్టరు తయారుచేసే జన్యువులు ఈ ఎక్స్ మీదే ఉన్నాయి. మగపిల్లవాడికి ఎక్స్ ఒక్కటే గనక అది చెడిందంటే వాడికి దిక్కులేదు. ఆడపిల్లకి రెండోది ఉంది గనక ఫరవాలేదని పాత లెక్క. వినడానికి బాగానే ఉంది. కాని రెండు ఎక్సులూ పనిచేస్తే ఆడవాళ్లలో అన్నీ రెట్టింపు తయారవాలి కదా, ఎందుకు అవటం లేదు? దీనికి జవాబు 1961 లో మేరీ లయన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, ఆవిడా మనలాంటి ఆడమనిషే, ఎలుకల ఒంటి మీది రంగు మచ్చలు చూసి చెప్పింది. ఆడపిండం ఇంకా తొలిరోజుల్లో ఉండగానే ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ మూతపడిపోతుంది.

మన డెల్టా మాటల్లో చెప్పుకుందాం. ఒక చేనుకి రెండు తూములున్నాయి. ఒకటి అమ్మ కాలవది, ఇంకొకటి నాన్న కాలవది. రెండూ తెరిస్తే చేను మునుగుతుంది. అందుకని ఒక తూముకి షట్టరు దించేస్తారు. ఏది దించాలన్నది చీటీ వేసినట్టు జరుగుతుంది, ఒక చేనులో అమ్మది, పక్క చేనులో నాన్నది. ఒకసారి దించాక ఆ చేను లోంచి పుట్టిన మడులన్నిటిలోనూ అదే తూము మూసి ఉంటుంది. ఇప్పుడు అమ్మ కాలవలో ఉప్పునీరు కలిసిందనుకోండి. అమ్మ తూము తెరిచి ఉన్న చేలలో పంట లేదు, మిగతా వాటిలో ఉంది. సగం చేలు పండితే ఇల్లు గడిచిపోతుంది. కాని చీటీలు ఎప్పుడూ సగం సగం పడతాయని ఎవరు రాసిచ్చారు? ఒక్కొక్కరికి పది చేలలో ఎనిమిదింటికి ఉప్పునీరే వస్తుంది. మా మేనత్త కూతురు అలాంటిదే. ఫాక్టరు తగ్గటానికి ఇదొక్కటే కారణం కాదు, రక్తం గ్రూపు వల్ల కూడా హెచ్చుతగ్గులుంటాయి. అయినా అసలు సంగతి ఈ చీటీలే.

దీని పేరు ఎక్స్ క్రోమోజోము మూత. పేరు తర్వాత చెబుతానన్నానుగా, ఇదే!

నమ్మకం కుదరకపోతే మీ పెరట్లోకి వచ్చే మూడు రంగుల పిల్లిని చూడండి. నలుపు, ఎరుపు, తెలుపు కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. ఎర్రబొచ్చు జన్యువు ఎక్స్ మీద ఉంది. ఆ జన్యువు మూతపడిన చోట నల్లమచ్చ, తెరిచి ఉన్న చోట ఎర్రమచ్చ. (తెలుపు సంగతి వేరే జన్యువుది, దాన్ని వదిలేయండి.) మనమూ అలాంటివాళ్లమే, కాకపోతే మచ్చలు పైకి కనబడవు.

ఇంతకీ ఆ షట్టరు దేనితో చేసింది? మూతపడబోయే ఎక్స్ మీద ఎక్సిస్ట్ అనే జన్యువు ఉంది. 1991 లో కనుక్కున్నారు. దాని నుంచి పుట్టే పోగు ఆ క్రోమోజోమునే చుట్టేసుకుంటుంది. తర్వాత అక్కడ మిథైల్ అనే చిన్న చిన్న రసాయన బిళ్లలు అతుక్కుని మూత బిగుసుకుంటుంది. జన్యువులోని అక్షరం ఒక్కటీ మారదు, అది చదవకుండా పుస్తకానికి తాళం పడుతుంది, అంతే. ఇలా అక్షరం మారకుండా చదవటం మారిపోయే విద్యకి ఎపిజెనెటిక్స్ అని పేరు. ఆ మిథైల్ బిళ్లలు ఒంట్లో తయారవటానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని 1945 లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది ఎవరనుకున్నారు? మన భీమవరంలో 1895 లో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భిణులకి ఇచ్చే ఆ మాత్రలు మానకండి. అలాగని వాటితో హీమోఫిలియా తగ్గుతుందని మాత్రం అనుకోకండి, అది రక్తహీనతకీ, బిడ్డ వెన్నుపాముకీ పనికొచ్చేది.

మూత పూర్తిగా బిగుసుకోదు కూడా. ఆ ఎక్స్ మీద వందకి పదిహేను జన్యువులైనా తప్పించుకుని పనిచేస్తూనే ఉంటాయి. కీళ్లు, చర్మం, మూత్రపిండాలు పాడుచేసే లూపస్ జబ్బు వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే ఎందుకని చాలాకాలంగా ఉన్న ప్రశ్న. ఆ ఎక్సిస్ట్ పోగుకి అంటుకునే ప్రోటీనుల మీద ఒళ్లే తిరగబడటం ఒక కారణమని 2024 లో అమెరికాలో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. అది మరోసారి చెప్పుకోదగ్గ పెద్ద కథ.

మళ్లీ మన పిల్ల దగ్గరికి వద్దాం. మామూలు మనిషికి ఫాక్టరు వందకి యాభై నుంచి నూటయాభై దాకా ఉంటుంది. నలభైకి తగ్గిన ఆడమనిషిని "మోసేది" అనటం మాని, తేలికపాటి హీమోఫిలియా ఉన్నదనే అనాలని ఈ జబ్బు చూసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2021 లో తేల్చింది. ఇంత ఆలస్యంగానా అని నాకు కోపమే వచ్చింది లెండి.

మీ అన్నదమ్ములకో, మేనమామకో, అమ్మమ్మ అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే గర్భం రాకముందే ఫాక్టరు పరీక్ష చేయించుకోండి. బి.టి., సి.టి. అని ఆస్పత్రుల్లో చేసేవి బాగున్నాయంటే సరిపోదు, వాటిలో ఇది బయటపడకపోవచ్చు. ఫాక్టరు పేరు చెప్పి ఎనిమిదోది, తొమ్మిదోది అని అడగండి. ఎందుకంటే కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో ఫాక్టరు పెరుగుతుంది, అప్పుడు చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. తొమ్మిదోది అంతగా పెరగదు. కాన్పయ్యాక పెరిగింది కాస్తా రెండు మూడు వారాల్లో పాత మట్టానికి దిగిపోతుంది. అందుకే మా పిల్లకి పదో రోజున వచ్చింది. ఆ సంగతి ముందే తెలిస్తే నెత్తురు ఆపే మందు దగ్గర పెట్టుకుంటారు. పుట్టేది మగపిల్లవాడైతే పట్టకారు కాన్పు మానతారు, పసివాడి కండకి సూది వేసేముందు ఆలోచిస్తారు. ఇంకొకటి, ఫాక్టరు నిండుగా ఉన్నా జన్యువు మోస్తూ ఉండవచ్చు. అది తేల్చేది జన్యు పరీక్ష. హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి., నిమ్స్ లాంటి చోట్ల అందుకు విభాగాలున్నాయి.

ఇక మన ఇళ్లలో మామూలుగా వినబడే మాట, "మేనరికం చేసుకున్నారు గనకనే". తల్లి మోస్తున్నదైతే మొగుడు మేనబావైనా, కాకినాడ నుంచి వచ్చిన పరాయివాడైనా కొడుకుల్లో సగానికి సగం భయం ఒకటే. జబ్బు లేని తండ్రి తప్పూ లేదు, పుణ్యమూ లేదు. ఒక్క చోట మాత్రం ఆగి ఆలోచించండి. జబ్బు ఉన్న మేనమామకి అక్క కూతుర్ని ఇచ్చారనుకోండి, ఆ పిల్ల కూడా మోస్తున్నదైతే వాళ్ల ఆడపిల్లకి రెండు కాలవల్లోనూ ఉప్పునీరే రావచ్చు. జబ్బు ఉన్న తండ్రి కూతుళ్లందరూ ఆ జన్యువు మోస్తారు, కొడుకులకి మాత్రం రాదు. మరి ముగ్గురిలో ఒకరికి ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా పుడుతుంది ఈ జబ్బు. అప్పుడు కోడలి పుట్టింటి వంశం అంతా తవ్వి పోసే అత్తగారు ఏం వెతుకుతుందో!

మా మేనత్త కొడుకు బాగానే ఉన్నాడు. మోకాలు వంగదు, కాని ఫాక్టరు సూదులు తనే వేసుకుంటాడు. హీమోఫిలియాని 2016 చట్టంలో వికలాంగుల జాబితాలో చేర్చారు గనక సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాడు. ఆ రాత్రి బతికి బయటపడిన చెల్లెలి కూతురు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. కిందటేడు జ్ఞానదంతం తీయించుకోవాలంటే ముందు పరీక్ష చేయించారు. ముప్ఫయి ఒకటి వచ్చింది. ఆ కాగితం మడిచి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకుని తిరుగుతోంది. దంతం తీసిన డాక్టరుగారు ముందు ఆ కాగితమే చూశారట.