డప్పు మనది, మైకు ఎవరిది?

(నిర్మల్ సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నిర్మల్‌ల బొగ్గుబాయి లేదు, బాయి పర్మిషన్ల ముచ్చట ఇక్కడెందుకని ఇందాక ఒక అక్క అడిగింది. అడగాల్సిన మాటే. 2016 అక్టోబర్ దాకా మనమూ, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ అంతా ఒక్క ఆదిలాబాద్ జిల్లానే. ఆడపిల్లల్ని అటు ఇచ్చినం, అటు నుంచి తెచ్చుకున్నం. ఇంకోటి, 2024 నవంబర్ 26న దిలావర్‌పూర్ కాడ ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డు మీద కూసున్నరు. తెల్లారి పనులు ఆపమని కలెక్టర్ చెప్పవలసి వచ్చింది. మమ్మల్ని అడగకుండ ఎట్ల పెడుతరన్నదే ఆ ఊర్ల కోపం. బొగ్గుబాయి కాడ అట్ల అడిగే పద్ధతి ఒకటుంది. అది మన దాకా ఎంత వస్తున్నదో చూద్దాం.

ముందుగా ఒక మాట. బొగ్గుబాయికి మేము శత్రువులం కాము. దొర కాడ వెట్టి చేసిన మనోళ్లు ఎందరో బాయిల దిగినంకనే నెల జీతం కండ్ల చూసిన్రు. 1990ల మొదట్ల సింగరేణిల 1,16,000 మంది దాకా కార్మికులుండె. ఇప్పుడు అందుల సగం గూడ లేరు. భూమి లోపలి బాయిలు తగ్గినయి, ఓపెన్‌కాస్టులు పెరిగినయి. లోపలి బాయికి మనిషి కావాలె, ఓపెన్‌కాస్టుకు భూమి కావాలె. మన కూలి అక్కర తీరినంక ఇప్పుడు మన వాడ మీద కన్ను పడ్డది.

ఇక పర్మిషన్ సంగతి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కొత్త బాయికి అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలె. 30 రోజుల ముందు పేపర్ల నోటీసు వెయ్యాలె. పేపరు రాని ఊర్లల్ల డప్పు కొట్టించి చెప్పాలని అందులనే రాసి ఉన్నది. ఢిల్లీ గెజిట్‌ల డప్పు! ఆ డప్పు కొట్టేది ఎవరు? మన మాదిగ తమ్ముడే. వాడ వాడ తిరిగి సభ ఉన్నదని చాటింపు వేస్తడు. సభ నాడు టెంటు కింద ముందు వరుస కుర్చీలల్ల ఎవరు కూసుంటరో మీకు చెప్పే పని లేదు. మైకు పెద్ద రైతు కాడి నుంచి సర్పంచ్ కాడికి, సర్పంచ్ కాడి నుంచి లీడరు కాడికి పోతది. పొద్దు గూకుతది. డప్పు కొట్టినోడు టెంటు గుంజకు ఒరిగి నిలబడే ఉంటడు.

రూలు ఏమంటదంటే, అక్కడికి వచ్చిన ప్రతి మనిషికీ అడిగే అవకాశం ఇయ్యాలె. సభను వీడియో తియ్యాలె. ఎవరేమన్నరో రాసి, ఆఖర్ల తెలుగుల చదివి వినిపించి, ఆ రోజే సంతకం చెయ్యాలె. ఓటింగ్ ఉండదు, కోరం ఉండదు. పది మంది వచ్చినా సభ జరిగినట్టే. అందుకే అలిగి ఇంట్ల కూసుంటే మనకే నష్టం. రానోని మాట కాగితం మీదికి ఎక్కదు, పైన కమిటీ చూసేది ఆ కాగితమే.

ఇది కొత్త బాయి సంగతి. పాత బాయిని పెంచుతమన్నప్పుడు, గడువు పొడిగిస్తమన్నప్పుడు ఆ ఒక్క సభ గూడ తప్పించే దారులు తీసిన్రు. 40 శాతం దాకా ఉత్పత్తి పెంచే బొగ్గుబాయిలకు 2017లనే కొన్ని షరతులతోటి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు వచ్చింది. 2022 మేల దాన్ని 50 శాతం దాకా తీసుకపోయిన్రు. అదే ఏడు ఏప్రిల్‌ల గనుల అనుమతి గడువు 30 ఏండ్ల మీద ఇంకో 20 ఏండ్లు పొడిగించే వీలు పెట్టిన్రు. 30 దాటినంక అయిదేండ్లకోసారి నిపుణుల కమిటీ రక్షణలు చూడాలని రాసిన్రు. మంచిదే. కాని బ్లాస్టింగుకు పగిలిన గోడ పక్కన పండేది నిపుణుడు కాదు గదా. కాలుష్య నియంత్రణ మండలి నడిపే అనుమతిని రెన్యువల్ చేసినప్పుడయితే ఊర్లె చాటింపే ఉండదు.

అందుకే మేము అడిగేది ఒక్కటే. కొత్త కాగితం ఇచ్చే ముందు పాత కాగితం లెక్క చెప్పాలె. పాత అనుమతిల షరతులు ఉంటయి. దుమ్ము లేవకుండ నీళ్లు చల్లాలె, ఓబీ మట్టి గుట్టల మీద చెట్లు పెట్టాలె, బాయి నీళ్లను శుద్ధి చేసినంకనే బయటికి ఇడువాలె. ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న కంపెనీ ఈ షరతుల మీద రిపోర్టు ఇయ్యాలె. అది దాచిపెట్టే కాగితం కాదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి తెచ్చుకోవచ్చు. దాన్ని వాడ నడుమ నిలబడి గట్టిగ చదువుండ్రి. చెట్లు పెట్టినమని రాస్తే గుట్ట దిక్కు చూడుండ్రి. నీళ్లిస్తున్నమని రాస్తే బోరింగు కొట్టి చూడుండ్రి.

ఇక భూమి. సర్వే నంబరు ఉన్నోనికి నోటీసు వస్తది. లావుణి పట్టా ఉన్నోన్ని 'అది సర్కారు భూమే గదా' అని బెదిరిస్తరు. బెదరకుండ్రి. అసైన్డ్ భూమికి గూడ పట్టా భూమితో సమానంగ పరిహారం ఇయ్యాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు పెద్ద బెంచి 2004లనే చెప్పింది. గుంట భూమి లేని కూలోళ్లు, కౌలుదార్లు గూడ, భూసేకరణకు మూడేండ్ల ముందు నుంచి ఆ ఊరి పని మీదనే బతుకుతుంటే, 2013 చట్టం కింద బాధిత కుటుంబాలే. కాని ఆ సంగతి మనం రుజువు చేసుకోవాలె. మా తాత కాలం నుంచి ఇక్కడనే నాటు వేసినం, కలుపు తీసినం అంటే ఆఫీసుల చెల్లదు. ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషన్ కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్ ఇప్పుడే ఒక కాడ పెట్టుకోవాలె.

బాయి దిక్కున్న మన చుట్టాలకు ఈ మాటలు చెప్పుండ్రి. సభ ఉన్నదని డప్పు మోగిన నాడే వాడంత కూసోవాలె. ఎవరు మాట్లాడాలె, ఏం అడగాలె అనేది ఆడోళ్లతోటి కలిసి తేల్చుకోవాలె, ఎందుకంటే బిందె పట్టుకొని నడిచేది వాళ్లే. మైకు అందకపోతే అర్జీ రాసి ఇయ్యొచ్చు. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముద్ర, తారీఖు వేయించుకోవాలె. రాయరానోళ్లు మా కాడికి రాండ్రి, మీ మాట మీరు చెప్పినట్టే రాసిపెడుతం.