గోలీ చేతిలో పెడితే వైద్యం అయిపోదు
(వాడల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేము మందులిచ్చే పని చేసేవాళ్లం. కొందరం సర్కారు దవాఖానలో కిటికీ వెనక నిలబడతాం. కొందరం మందుల షాపుల్లో పనిచేస్తాం. ఊళ్లో మమ్మల్ని కాంపౌండరు అంటారు, మందుల సారు అంటారు. ఈ రోజు మేము చెప్పబోయేది వేదికల మీద ఎవరూ ఎత్తని సంగతి. మనసు చెదిరిన వాళ్లకు ఇచ్చే మందుల సంగతి. ఆ మందులు మింగే మనుషుల ఒళ్లు ఏమైపోతున్నదనే సంగతి.

ఎవడైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే 'వీణ్ని ఎర్రగడ్డకు పంపాలిరా' అని నవ్వుతారు. నిజంగానే ఎర్రగడ్డకో, విశాఖపట్నం మానసిక ఆసుపత్రికో పోయి, గోలీలు తెచ్చుకుని, మళ్లీ ఊళ్లో బతుకుతున్న మనిషి ఎట్లా ఉన్నాడని మాత్రం ఎవరూ అడగరు. కేకలు ఆగిపోయాయా? ఆగాయి. ఇక ఊరికి పని లేదు. కానీ ఆ మనిషికి ఇంకా ఒళ్లు ఉంది, గుండె ఉంది, రక్తం ఉంది.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పుకుందాం. మేము ఈ మందులకు వ్యతిరేకం కాదు. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజిన్ అనే మందును మొదటిసారి మానసిక రోగులకు వాడారు. అంతకుముందు ఉన్నది ఏమిటి? గదిలో పెట్టి తాళం, కాలికి గొలుసు, వేపమండలు, దెబ్బలు. ఆ తర్వాత కూడా గొలుసులు పోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలి చచ్చిపోయారు. కాబట్టి గొలుసు తెంచే గోలీ మనకు కావాలి. అయితే ఆ గోలీ ఇంకో జబ్బును వెంట తెస్తుంటే, చూసుకునే బాధ్యత ఎవరిది? మా ప్రశ్న అంతే.

ఒక తల్లి మమ్మల్ని అడిగింది: "గోలీలేసుకున్నంక మావోడు లొల్లి చేస్తలేడు బిడ్డా. గని ఎంత బువ్వ పెట్టినా ఆకలే అంటడు. తిని పంటడు. అంగీలు పడ్తలేవు. ఇది మంచికా, చెడుకా?" ఆ తల్లి చదువుకోలేదు. కానీ పెద్ద పుస్తకాల్లో రాసి ఉన్న సంగతినే ఆమె కళ్లతో చూసి చెప్పింది.

జరిగేది ఇది. మనసు జబ్బుకిచ్చే మందుల్లో కొన్ని మెదడులో ఆకలిని అదుపు చేసే చోట పనిచేస్తాయి. ఎంత తిన్నా నిండినట్టు ఉండదు. మత్తుగా ఉంటుంది, కదలబుద్ధి కాదు. కొన్ని మందులు ఒళ్లు చక్కెరను వాడుకునే తీరునే చెడగొడతాయి. బరువు పెరుగుతుంది, నడుం పెరుగుతుంది, రక్తంలో చక్కెర, కొవ్వు పెరుగుతాయి. ఓలంజపిన్, క్లోజపిన్ మందులతో ఇది ఎక్కువ. రిస్పెరిడోన్, క్వెటియాపిన్ మధ్యరకం. అరిపిప్రజోల్, హాలోపెరిడాల్ లాంటి వాటితో తక్కువ. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు మిగతా జనం కంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయేది పిచ్చి కాదు. గుండెజబ్బు, చక్కెర జబ్బు లాంటి ఒంటి జబ్బులు.

ఊళ్లో ఏమవుతుంది? 'కూర్చుని తిని బలిశాడు' అంటారు. ఆడపిల్ల అయితే ఇంకా ఘోరమైన మాటలు. ఆ మాటలు పడలేక మందు మానేస్తారు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ తాళ్లు, మళ్లీ మంత్రగాడు. మానకుండా వాడితే, చూసే దిక్కు లేక చక్కెర ముదిరి, కాలికి పుండు పడి, కూలికి పోయే కాలే పోతుంది. ఇటు పోతే నుయ్యి, అటు పోతే గొయ్యి. ఈ రెండూ కాని దారి ఒకటి ఉందని చెప్పడానికే వచ్చాం.

ఆ దారికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బరువు చూసే మిషను, నడుం కొలిచే టేపు, బీపీ మిషను, చక్కెర పరీక్ష, ఒక నోటుబుక్కు. 2004లో అమెరికాలో చక్కెర జబ్బు వైద్యులు, మానసిక వైద్యులు కూర్చుని ఒక పద్ధతి రాసుకున్నారు. మందు మొదలుపెట్టే రోజే బరువు, నడుం, బీపీ, పరగడుపు చక్కెర, కొవ్వు చూసి రాసుకోవాలి. 4 వారాలకు, 8 వారాలకు, 12 వారాలకు బరువు చూడాలి. తర్వాత మూడు నెలలకోసారి. 12 వారాలకు బీపీ, చక్కెర, కొవ్వు మళ్లీ చూడాలి. ఆ తర్వాత బీపీ, చక్కెర ఏడాదికోసారైనా తప్పకూడదు.

లెక్కలు గుర్తుపెట్టుకోండి. మొదలుపెట్టినప్పటి బరువు మీద నూటికి 5 వంతులు పెరిగితే డాక్టరుకు చెప్పాలి. అంటే 50 కేజీల మనిషి 52న్నర దాటితే. మన దేశస్తులకు నడుం మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. పరగడుపు చక్కెర 100 దాటితే హెచ్చరిక, 126 చేరితే మళ్లీ పరీక్ష చేసి చక్కెర జబ్బేమో తేల్చాలి.

'ఇదంతా డాక్టరు పని కదా, మీకెందుకు?' అంటారు కొందరు. నిజమే, మందు మార్చేది, మోతాదు తగ్గించేది, మెట్‌ఫార్మిన్ లాంటి మందు కలిపేది డాక్టరే. మా చేత్తో మేము మార్చం, మార్చకూడదు. కానీ లెక్క చూడండి. మనసు డాక్టరు ఎక్కడో జిల్లా కేంద్రంలో ఉంటాడు. బస్సు కిరాయి, ఒక రోజు కూలి పోగొట్టుకుంటే తప్ప ఆయన కనపడడు. గోలీలు మాత్రం నెల నెలా కావాలి. అంటే ఏడాదికి 12 సార్లు ఆ మనిషి మా కిటికీ ముందు నిలబడతాడు. 12 సార్లు బరువు చూడొచ్చు. 12 సార్లు 'దప్పిక ఎక్కువవుతున్నదా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్? గోలీలు మిగిలినయా?' అని అడగొచ్చు. పెరిగిన బరువు చీటీ మీద రాసి డాక్టరుకు పంపొచ్చు.

ఇది మా దయ కాదు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు మందు ఎట్లా వాడాలో, దాని చెడు గుణాలేమిటో రోగికి విడమరిచి చెప్పాలంటున్నాయి. కిటికీలోంచి పట్టీ విసిరేసి 'నెక్స్ట్' అనేవాడు ఆ నిబంధనను తొక్కుతున్నాడు.

ఇంకో సంగతి వినండి. సర్కారు చక్కెర, బీపీ పరీక్షల కార్యక్రమం 30 ఏళ్లు నిండిన వాళ్ల కోసం పెట్టింది. మనసు జబ్బు చాలామందికి మొదలయ్యేది 30 లోపలే. 22 ఏళ్ల పిల్లగాడు ఓలంజపిన్ మింగుతుంటాడు. ఆ జాబితాలో అతని పేరే ఉండదు. ఈ మందులు వాడేవాళ్లకు వయసుతో పని లేకుండా పరీక్ష చెయ్యాలని మనం అడగాలి.

అడగడానికి చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షను కులం, మతం, లింగం, వర్గం పేరుతో వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కు ఇచ్చింది. కులం అనే మాట ఆ చట్టంలోనే రాసి ఉంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి సర్కారు దవాఖానలన్నింటిలో ఉచితంగా ఇవ్వాలని కూడా ఉంది. 21వ సెక్షను ఒంటి జబ్బునూ మనసు జబ్బునూ సమానంగా చూడమంటుంది. 95వ సెక్షను గొలుసులు వేయడాన్ని నిషేధించింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇన్నేళ్లకు కూడా మన వాడ మనిషి బరువు చూసే దిక్కు లేకపోతే తప్పు ఎవరిది?

ఇక ఇంట్లో, వాడలో మనం చెయ్యగలిగింది చెబుతాం.

ఒకటి, ఎవరూ మందు ఒక్కసారిగా ఆపొద్దు. ఒళ్లు పెరుగుతుంటే ఆపడం కాదు, అడగడం.

రెండు, నోరెండుతున్నదని కూల్‌డ్రింకు, చక్కెర చాయ్ మీద చాయ్ ఇయ్యొద్దు. మంచినీళ్లు, పల్చటి మజ్జిగ ఇవ్వండి. పళ్లెంలో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచండి. తిండి విషయంలో తిట్టొద్దు. ఆ ఆకలి తిండిబోతుతనం కాదు, మందు తెచ్చిన ఆకలి.

మూడు, రోజూ నడిపించండి. ఒంటరిగా పొమ్మనకండి, వెంట పోండి. మనిషి తోడు కూడా మందే.

నాలుగు, బీడీ సంగతి. బీడీ, సిగరెట్టు పొగ ఓలంజపిన్, క్లోజపిన్ బలాన్ని తగ్గిస్తుంది. మానడం మంచిదే. కానీ ఒక్కసారి మానితే రక్తంలో మందు పెరిగి మత్తు ఎక్కువవుతుంది. మానే ముందు డాక్టరుకు చెప్పండి.

ఐదు, కీళ్లనొప్పులకని ఊరి ఆరెంపీ ఇచ్చే మందుల్లో స్టెరాయిడ్లు ఉంటే చక్కెర ఇంకా ఎగబాకుతుంది. వాడే ప్రతి గోలీ మాకు చూపించండి.

ఆరు, విపరీతమైన దప్పిక, మాటిమాటికీ ఒంటేలు, వాంతులు, కడుపునొప్పి, తెలివి తప్పడం కనిపిస్తే ఆ పూటే దవాఖానకు తీసుకుపోండి. క్లోజపిన్ వాడేవాళ్లకు జ్వరం, గొంతునొప్పి వచ్చినా అంతే. వాళ్లకు తెల్లరక్తకణాల పరీక్ష మొదటి 18 వారాలు వారం వారం చెయ్యాలి. మలబద్ధకం ముదిరినా తేలిగ్గా తీసుకోవద్దు.

ఏడు, ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే 14416కి ఫోను చెయ్యండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అది. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

కార్యకర్తలకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ ఊళ్లో ఈ మందులు వాడేవాళ్ల ఇళ్లకు పోండి. వాళ్ల పేర్లు చాటింపు వెయ్యకండి, వాళ్ల గుట్టు వాళ్లది. ఒప్పుకున్న వాళ్లకు ఒక నోటుబుక్కు ఇచ్చి, తారీఖు, బరువు, నడుం, బీపీ, చక్కెర అని గీతలు గీయండి. మందుకు పోయిన ప్రతిసారీ అది వెంట పోవాలి. దవాఖానలో మిషను లేదంటే ఎందుకు లేదని నలుగురు కలిసి రాతపూర్వకంగా అడగండి. ఫార్మసిస్టు పోస్టు ఖాళీ ఉంటే అదీ రాయండి.

మనసు చెదిరిన మనిషి మన మనిషే. అతని తల బాగుపడితే చాలదు, ఒళ్లూ బాగుండాలి. కేకలు ఆగిన తర్వాత కూడా అతని తలుపు తట్టండి. మా కిటికీ దగ్గరికి రండి, అడగండి. చెప్పకుండా పట్టీ చేతిలో పెట్టి పంపిస్తే, చెప్పేదాకా కదలకండి.