పత్రిక మూతపడిన నాడు

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి చిక్కపేటలో బట్టల వ్యాపారమున దిగినవారము. పండితులము కాము. అయినను ప్రతి ఉదయము అంగడి తెరవగానే తెలుగు పత్రిక చూడనిదే మాకు తోచదు. ఆ పత్రికను వ్రాయువారి బ్రదుకును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదము.

పాత్రికేయ సంఘముల కృషి ఫలితముగా 1955లో పార్లమెంటు ఒక ప్రత్యేక శాసనము చేసినది. సిబ్బంది తగ్గింపులో తొలగించునపుడు సంపాదకునికి 6 నెలలు, ఇతర పాత్రికేయులకు 3 నెలలు ముందుగా నోటీసు ఈయవలెనని అది విధించెను. 2020లో చేసిన కార్మిక స్మృతులలో ఆ శాసనమును కలిపిరి.

అయినను ఈ రక్షణకు హద్దు కలదు. 1959లో మదరాసు ఎక్స్‌ప్రెస్ పత్రికల కార్మికులు సమ్మె చేయగా యాజమాన్యము అచ్చట ప్రచురణ నిలిపివేసెను. 1938 నుండి మదరాసులో వెలువడుచుండిన ఆంధ్రప్రభ విజయవాడకు తరలెను. వివాదము సుప్రీంకోర్టుదాక పోయెను. అది నిజమైన మూసివేతయా, ఆ పేరిట జరిగిన లాకౌటా అను సంగతిని ట్రిబ్యునలు విచారింపవచ్చునని 1962లో కోర్టు తేల్చెను. కాని నిజముగా మూసినదే యైనచో, మరల నడుపుమని ఆజ్ఞాపించుట ట్రిబ్యునలు పని కాదు. సంఘము పరిహారము ఇప్పింపగలదు గాని పత్రికను బ్రదికింపజాలదు.

మేమును జీతములిచ్చు వారమే. నష్టము వచ్చు అంగడిని మూయుట వేరు, మూత పేరు చెప్పి గుమాస్తాను వదిలించుకొనుట వేరు. ఈ భేదమును పట్టి చూపుటకే సంఘము కావలెను.

పలుచోట్ల తొలగింపు ఉత్తరువే ఉండదు, రాజీనామా వ్రాయుమందురు. సంతకము పడిన పిదప ‘తానే మానినాడు’ అను మాట మిగులును. వార్తకింత అని పైకము పుచ్చుకొను పల్లె విలేకరికి నియామక పత్రమే లేదు. అతనికి సంఘము మాత్రము ఏమి చేయగలదు?

ఇందు మన తప్పును కలదు. ఒక ఉగాదికి ప్రకటన వేయించి, ఆ పైకమును మేము ఏడు నెలలు ఈయలేదు. ప్రకటన తీసుకొనిపోయిన విలేకరి ముమ్మారు మా మెట్లెక్కెను. నాల్గవమారు రాలేదు. బాకీలు రాబట్టలేదని అతనిని మానిపించిరని తరువాత తెలిసెను. ఆ పిదప పైకము చెల్లించితిమి. అతని కొలువు మాత్రము తిరిగి రాలేదు. ఆ సిగ్గు నేటికిని మమ్ము వీడలేదు.

కావున మూడు మనవులు. ప్రకటన పైకమును నెల లోపల చెల్లింపుడు. ఇంటింట ఒక తెలుగు పత్రికకు చందా కట్టుడు. కొలువు పోయిన పాత్రికేయుడు మన వీధికి వచ్చినచో అతని బిడ్డల బడి రుసుమును మన సంఘము భరించునట్లు తీర్మానింపుడు. పాత్రికేయ సోదరులకు ఒక్క మాట: నియామక పత్రమును, జీతపు చీటీలను భద్రపరచుకొనుడు, సంఘము నడుగక రాజీనామాపై సంతకము చేయకుడు.

కన్నడ దేశమున మన బిడ్డలకు బడిలో దొరకని తెలుగు అక్షరము నిత్యము గడప దాటి వచ్చునది పత్రిక వలననే. ఆ అక్షరము కూర్చు చేతిని ఆదుకొనుట మన విధి.