పేనుకొరుకుడు అనుకుని ఊరుకోకండి



తలలో రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిందంటే, మన పిఠాపురం వైపు ముందుగా వచ్చే మాట "పేనుకొరుకుడు". "గురివింద గింజ అరగదీసి పట్టించవే అమ్మాయ్, అదే వస్తుంది" అంటారు పెద్దవాళ్ళు. పేనుకొరుకుడు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఆ పేరు గింజకు దక్కుతుంది! కాని జుట్టు ఊడిన ప్రతి చోటూ పేనుకొరుకుడు కాదు.

తిరుపతిలో తలనీలాలిచ్చినా జుట్టు మళ్ళీ వస్తుంది, మొదలు లోపల భద్రంగా ఉంటుంది గనుక. పేనుకొరుకుడులోనూ మొదలు చావదు. కొన్ని జబ్బుల్లో మాత్రం చర్మం లోపలి వాపు, వెంట్రుకను తిరిగి మొలిపించే మూలకణాలనే నాశనం చేసి, అక్కడ మచ్చ కట్టిస్తుంది. కోసిన వరిదుబ్బు పిలక వేస్తుంది గాని, వేరు చచ్చిన దుబ్బుకు ఎన్ని నీళ్ళు పెట్టి ఏం లాభం?

పోల్చుకోవడం ఎలా? పేనుకొరుకుడులో చర్మం మీద సన్నని రంధ్రాలు అలాగే ఉంటాయి. మచ్చకట్టే జబ్బులో అవి పూడిపోయి చర్మం నున్నగా మెరుస్తుంది. అంచు వెంట్రుకల మొదళ్ళ చుట్టూ ఎరుపు, పొట్టు, దురద, మంట ఉంటే లైకెన్ ప్లానోపైలారిస్ కావచ్చు. రంగు మారి పొలుసులు కట్టి, ఎండకు ఎక్కువయ్యేది డిస్కాయిడ్ లూపస్. దీనితో కీళ్ళనొప్పులు, జ్వరం ఉంటే రక్తం, మూత్రం పరీక్షలు తప్పవు. చీము పొక్కులు లేచి, ఒకే రంధ్రంలోంచి వెంట్రుకలు కుచ్చుగా వచ్చే రకం ఇంకొకటి. పిల్లల తలలో మెత్తని గడ్డలా లేచేది తామర కూడా కావచ్చు. దానికి కావలసింది కోత కాదు, నోటి మందు.

అనుమానం తీరాలంటే బయాప్సీ చేస్తారు. "తల కోస్తారా?" అని హడలిపోకండి. మొద్దుబారే సూది వేసి 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, అంతే. అదీ నున్నబడిన నడిమి భాగం నుంచి కాదు, జబ్బు ఇంకా రగులుతున్న అంచు నుంచి.

వైద్యం జబ్బును బట్టి ఉంటుంది. స్టెరాయిడ్ పూతలు, మచ్చలోకి ట్రయాంసినలోన్ సూదులు, డాక్సీసైక్లిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వాడతారు. ఈ చివరి మందుకు కంటి పరీక్ష అవసరం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. నెలల తరబడి ఓపిక పట్టాలి. పోయిన జుట్టు తిరిగి రాకపోవచ్చు, ఉన్న జుట్టును నిలబెట్టుకోవడమే ఈ వైద్యం ఫలం. అందుకే ఆలస్యం కూడదు.

పెళ్ళికావలసిన పిల్ల అని దాచిపెట్టి, నూనెల మీద నూనెలు మార్చడంలోనే చాలా ఇళ్ళల్లో ఏడాది గడిచిపోతుంది. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. పిఠాపురం నుంచి అదేమంత దూరం? ఈవేళే మీ అమ్మాయి పాపిడి విడదీసి, వెలుతురులో ఒకసారి చూడండి.

సెలవు.