మత్తు డాక్టరు అడిగితే ఉన్నది చెప్పండి

 

ఈ రోజు మత్తుమందు గురించి మాట్లాడుకుందాం. కాన్పు ఆపరేషనుకి మత్తు ఇస్తారు. గర్భసంచి ఆపరేషనుకీ ఇస్తారు. "మత్తు ఇస్తే మళ్లీ లేస్తామో లేదో" అని మనలో చాలామందికి భయం. మత్తు ఒంట్లో ఏం చేస్తుందో తెలిస్తే ఆ భయం తగ్గుతుంది. మనమేం చెయ్యాలో కూడా తెలుస్తుంది.

పొయ్యి దగ్గర వేలు కాలిందనుకోండి. ఆ కబురు నరాల గుండా మెదడుకి పోతుంది. మెదడుకి చేరితేనే మనకి నొప్పి తెలుస్తుంది. మెదడులో కోట్ల కొద్దీ కణాలున్నాయి. అవి ఒకదానికొకటి కబుర్లు అందించుకుంటాయి. పూర్తి మత్తు ఇస్తే ఈ కబుర్లు బాగా తగ్గిపోతాయి. అందుకే నొప్పి తెలీదు. జరిగింది గుర్తుండదు.

ఇది మామూలు నిద్ర కాదు. నిద్రపోయే మనిషిని సూదితో గుచ్చితే లేస్తుంది. మత్తులో ఉన్న మనిషి లేవదు.

మరి మెదడు పని నొప్పి తెలియజెయ్యడం ఒక్కటేనా? కాదు. మనం ఊపిరి తీసేది మెదడు చెబితేనే. రక్తనాళాలు బిగువుగా ఉండేదీ మెదడు చెబితేనే. మత్తులో ఊపిరి తగ్గుతుంది. ఒక్కోసారి ఆగుతుంది కూడా. రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. అందుకే మత్తు డాక్టరు ఆపరేషను అయ్యేదాకా పక్కనే ఉంటారు. ఊపిరి, నాడి, బీపీ చూస్తూ ఉంటారు.

ఈ సంగతులు తేల్చడానికి మన హైదరాబాదులోనే పరీక్షలు జరిగాయి. అప్పట్లో క్లోరోఫారం అనే మత్తుమందు వాడేవారు. దాంతో కొందరు చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండా? ఇది తేల్చాలని 1888లోనూ, 1889లోనూ జంతువుల మీద పరీక్షలు చేశారు. ఊపిరే ముందు ఆగుతుందన్నారు. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చని 1911లో తేలింది. ఇప్పుడు ఆపరేషన్లకి క్లోరోఫారం వాడరు.

ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూన్జీ అనే డాక్టరమ్మ హైదరాబాదులో మత్తు ఇచ్చేవారు. ప్రపంచంలోనే మొదటి మత్తు డాక్టరమ్మలలో ఆమె ఒకరు.

కాన్పు ఆపరేషనుకి ఎక్కువగా నడుముకి సూది వేస్తారు. మనకి మెలకువ ఉంటుంది. నడుము కింద మాత్రం మొద్దుబారుతుంది. కాళ్లలో రక్తనాళాలు వదులై బీపీ తగ్గవచ్చు. అప్పుడు కళ్లు తిరుగుతాయి. కడుపులో తిప్పుతుంది. ఓర్చుకుని ఊరుకోవద్దు. వెంటనే చెప్పండి. దానికి మందు ఉంది.

ఇక ముఖ్యమైన మాట. ఆపరేషనుకి ముందు ఏమీ తినొద్దంటారు. ఎందుకు? మత్తులో దగ్గు రాదు. కడుపులో అన్నం పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. "ఒట్టి కడుపుతో ఎలా ఉంటావు, రెండు ముద్దలు తిను" అని అమ్మో అత్తమ్మో ప్రేమతో పెడతారు. తినకండి. తింటే దాచకండి. వీలైతే డాక్టరు ఆపరేషను కాసేపు ఆపుతారు. ఆపలేకపోతే తగిన జాగ్రత్త తీసుకుంటారు. నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో కూడా అడగండి.

బీపీ, షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు ఉంటే చెప్పండి. వాడే బిళ్లలు చూపించండి. ఏది ఆపాలో డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు ఆపకండి.

నిద్రబిళ్లలు వేసుకుంటున్నారా? కల్లు, సారా అలవాటుందా? అదీ చెప్పండి. ఇవి కూడా మెదడుని మందగింపజేసేవే. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం అనే నిద్రమందు కలుపుతూ పట్టుబడ్డారు. అలాంటి కల్లు అలవాటైన వాళ్లు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరుకి ముందే తెలియాలి.

"ఆడదాన్ని, తాగుతానని ఎట్లా చెప్పను?" అని సిగ్గుపడొద్దు. అందరి ముందూ చెప్పలేకపోతే, మన వాళ్లని కాసేపు బయటికి పంపమని అడగండి. డాక్టరు అడిగేది తిట్టడానికి కాదు. మందు ఎంత ఇవ్వాలో లెక్క కట్టడానికి.

ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఈ పాఠం మీ అత్తమ్మకీ, కోడలికీ చదివి వినిపించండి.